ఎడ్లబండి మీది రామాయణము

హైదరాబాదు నగరమున మూసీనదికి దక్షిణపు గట్టున, మలకుపేట సైదాబాదుల చేరువను, మూసారాంబాగు అను పేట యొకటి కలదు. ఆ పేరు పలుకగనే మూసా యను మహమ్మదీయ నామమును, రామనామమును ప్రక్కప్రక్కన వినవచ్చును. కాని ఆ పేరు గల మనుష్యుడు మహమ్మదీయుడును గాడు, హిందువును గాడు. ఆయన మిషెల్ రేమాన్ అను ఫ్రెంచి సేనాని. 1755లో జన్మించి, నిజాం అలీఖాను కొలువున సేనలను తీర్చిదిద్ది, 1798లో మరణించెను. మహమ్మదీయ ప్రజలు ఆయనను మూసా రహీమనియు, హిందువులు మూసా రాముడనియు పిలుచుకొనిరి. ఎవరి నోటికి అలవాటైన పేరు వారు పెట్టుకొనిరి. గుట్టమీది ఆయన సమాధిస్తంభము నేటికిని నిలిచియున్నది. క్రిందనున్న పేటకు ఆయన పేరు మిగిలినది.

ఈ నగరమున పేర్లు ఇట్లు కలసిపోవుట విశేషము కాదు. మన పెద్దలు దానిని గూర్చి చర్చింపలేదు. అది వారికి నిత్యవ్యవహారము. అయితే పేరు కలిసినంత సులభముగా రంగు కలియునా? గీత కలియునా? ఒక మతమున బుట్టినవాడు మఱియొక మతమువారు పవిత్రముగా నెంచు కథను చేతబట్టి, ఇది నాది కూడ నని చెప్పినచో లోకము దానిని ఎట్లు స్వీకరించును? ఈ ప్రశ్నకు జీవితమంతయు సమాధానము వెదకిన చిత్రకారుడు ఎం. ఎఫ్. హుస్సేన్. ఆ అన్వేషణలో ముఖ్యమైన ఘట్టము జరిగినది మన హైదరాబాదుననే. ఆ కథను శ్రోతలకు మనవి చేయుటయే ఈ ప్రసంగమున ఉద్దేశము.

మక్బూల్ ఫిదా హుస్సేన్ 1915 సెప్టెంబరు 17వ తేదీన పండరిపురమున జన్మించెను. తెనాలి రామకృష్ణకవి పాండురంగ మాహాత్మ్యమును ఎఱిగిన తెలుగువారికి ఆ క్షేత్రము పరాయిది కాదు. విఠలుని వీథులలో బుట్టిన ఈ బాలుని కుటుంబము మాత్రము సులేమానీ బోరా శాఖకు చెందినది. యెమెన్ దేశముతో సంబంధము గలిగి, గుజరాతు ప్రాంతమున వ్యాపించిన ఇస్మాయిలీ శాఖలలో అది యొకటి. 1937 మొదలు 1941 వరకు హైదరాబాదు సంస్థానమునకు ప్రధానమంత్రిగా నుండిన సర్ అక్బర్ హైదరీ కూడ ఈ శాఖవాడే యని చెప్పినచో మనవారికి గుర్తుండును. అరబ్బు దేశపు జ్ఞాపకము, గుజరాతీ వ్యవహారము, మరాఠీ నేల, విఠలుని భజన, ఇవన్నియు ఊయలలో నుండగనే ఆ బాలుని చుట్టు చేరినవి.

తల్లి జైనబ్ ఆయన పసితనముననే మరణించెను. ఆమె ఛాయాచిత్రమొక్కటియు మిగులలేదు. ఆమె ముఖమెట్లుండునో ఆయన ఎన్నడును ఎఱుగడు. ఆమె మరాఠీ స్త్రీలవలె తొమ్మిది గజముల చీర కట్టెడిదని మాత్రము పెద్దలు చెప్పగా వినెను. ఉత్తరకాలమున ఆయన చిత్రించిన స్త్రీమూర్తులలో అనేకులకు ముఖమున కన్నుముక్కులుండవు. 1980 తరువాత రచించిన మదర్ థెరెసా చిత్రములలో గూడ నీలపుటంచు తెల్లచీర యున్నది గాని ముఖము లేదు. చీర మడతలే అక్కడ తల్లి. తాతగారు తగరపు పనివాడు, లాంతరులు చేయువాడు. ఆ లాంతరు హుస్సేన్ చిత్రములలో ఎన్నో మారులు వెలుగును. ఆయన పేరు గల చిత్రములలో నొకటియగు 1956 నాటి పటమునకు సాలెపురుగునకును దీపమునకును నడుమ యనియే పేరు.

తండ్రి ఉద్యోగరీత్యా కుటుంబము ఇందోరు చేరినది. హోల్కారుల ఆ నగరమున బాలుడు రెండు ఉత్సవములను కన్నులార చూచెను. ఒకటి రామలీల, మఱియొకటి మొహరము. రామలీలలో తోటి పిల్లలతో గూడి తానును వేషము వేసెను. మాణకేశ్వర్ అను బ్రాహ్మణ బాలుడు ఆయన ప్రాణమిత్రుడు. మొహరపు ఊరేగింపులో తాబూతుల వెంట నడచు దుల్దుల్ గుఱ్ఱమును చూచి బాలుడు అచ్చెరువొందెను. తరువాత లోకప్రసిద్ధములైన హుస్సేన్ గుఱ్ఱములకు మూలములలో ఆ దుల్దుల్ ఒకటి. ఒకే మనసులో రాముని విల్లును, హుసేను గుఱ్ఱమును చేరినవి. ఏది తనది, ఏది పరులది యని ఆ వయస్సున ఎవరును ఆయనను అడుగలేదు.

బొంబాయి చేరిన పిదప జీవనోపాధికై ఆయన సినిమా హోర్డింగులు వ్రాసెను. నిచ్చెనల మీద నిలిచి, చదరపు అడుగుకు కొద్ది అణాల కూలికి, నటీనటుల ముఖములను మేడలంత పెద్దవిగా దిద్దెను. రాత్రులు పేవుమెంటు మీద నిద్రించిన దినములు గూడ గలవు. అటుపిమ్మట కలపసామానుల దుకాణమున పనిచేయుచు, పిల్లలకు కొయ్యబొమ్మలు కోసి రంగులు వేసెను. ఆయన చేతిపని ఇట్లు మొదటినుండియు ఒక్క సాధనమునకు కట్టుబడలేదు. తగరము, కొయ్య, గోడ, గుడ్డ, కాన్వాసు, ఫిల్ము, ఏది దొరికిన దానితో పని చేసెను. నేడు మిశ్రమ మాధ్యమమని పండితులు చెప్పునది ఆయనకు బ్రతుకుతెరువులో అబ్బిన విద్య.

1947లో బొంబాయి ప్రోగ్రెసివ్ ఆర్టిస్టుల బృందమున ఆయన చేరెను. సూజా, రజా, గాడే, బాక్రే, ఆరా అను చిత్రశిల్పులు అందులోనివారు. వీరిలో ఆరా మన సికింద్రాబాదు చెంతనున్న బొల్లారమున జన్మించినవాడు. 1948లో సూజాతో గూడి హుస్సేన్ ఢిల్లీకి పోయి, రాష్ట్రపతి భవనమునందలి ప్రదర్శనమును చూచెను. గుప్తుల కాలపు శిల్పము, బసోలీ చిత్రములు ఆయనను కుదిపివేసినవి. శిల్పమునుండి శరీరపు వంపును, బసోలీనుండి గాఢమైన వర్ణములను, చిన్ననాటి జానపదోత్సవములనుండి అమాయకత్వమును ఆయన గ్రహించెను. ఐరోపా నవ్యచిత్రకారుల మార్గమును గూడ ఆయన అభ్యసించెను. అయినను తన గీతకు వెన్నెముక ఈ దేశపు శిల్పమేయని ఆనాడే నిశ్చయమైనది. 1955లో జమీన్ అను చిత్రమునకు లలిత కళా అకాడమీ జాతీయ బహుమానము లభించినది. 1967లో రాజస్థానమును గూర్చి తీసిన చిన్న చలనచిత్రము బెర్లిన్ ఉత్సవమున లఘుచిత్రములకిచ్చు స్వర్ణ భల్లూక బహుమతిని పొందినది.

ఇప్పుడు కథ హైదరాబాదునకు వచ్చుచున్నది. మార్వాడీ వర్తక కుటుంబములు ఈ నగరమున తరతరములుగా నెలకొనియున్నవి. అట్టి యొక కుటుంబమువాడు బద్రీవిశాల్ పిత్తీ. వర్తకము ఇంటి వృత్తియైనను ఆయన మనసు సాహిత్యమునందును, సోషలిస్టు రాజకీయములందును లగ్నమైనది. 1949లో ఆయన హైదరాబాదునుండి కల్పన యను హిందీ సాహిత్యపత్రికను వెలువరించెను. ఉత్తరదేశపు ప్రసిద్ధ రచయితలు తెలుగునేల మీది పత్రికకు రచనలు పంపుట ఆనాటి వింతలలో నొకటి. ఆ పత్రికకు హుస్సేన్ రేఖాచిత్రములు గీసి యిచ్చెడివాడు. పిత్తీ ఇంటికి రాకపోకలు సాగించెడి మఱియొక పెద్ద రామ మనోహర్ లోహియా. ఆయన మ్యాన్‌కైండ్ అను ఆంగ్లపత్రికను 1956లో ఈ నగరమునుండియే ప్రారంభించెను.

లోహియా నాస్తికుడు. అయినను రాముడు, కృష్ణుడు, శివుడు ఈ దేశప్రజల కలలకు రూపములని ఆయన తలచెను. ఆ ముగ్గురిని గూర్చి దీర్ఘమైన వ్యాసము వ్రాసెను. భాషాభేదము లేక దేశమందలి రామకథలన్నియు ఒకచోట వినబడవలెనని రామాయణ మేళా యను ఉత్సవమును సంకల్పించెను. హుస్సేన్ చెప్పినదాని ప్రకారము, ఒకనాడు పిత్తీ ఇంట భోజనవేళ లోహియా ఆయనతో సూటిగా మాటలాడెను. ధనికుల సాలలలో వ్రేలాడు చిత్రములను వ్రాయుచు ఎన్నాళ్లుందువని ప్రశ్నించి, రామాయణమును చిత్రించుమని చెప్పెను. ఆ మాట తనకు బాణమువలె నాటుకొన్నదని హుస్సేన్ తరువాత చెప్పుకొనెను.

1967 అక్టోబరు 12వ తేదీన లోహియా కన్నుమూసెను. ఆ పెద్దకిచ్చిన మాటను చెల్లించుటకై హుస్సేన్ హైదరాబాదు చేరి, పిత్తీగారి మోతీభవనమున రామాయణ చిత్రములకు పూనుకొనెను. వాల్మీకిని చదివించుకొనెను. తులసీదాసును చదివించుకొనెను. సందేహములు తీర్చుటకు కాశీనుండి పండితులను పిలిపించిరి. ఎనిమిది సంవత్సరముల కాలమున దాదాపు నూటయేబది చిత్రములు వ్రాసితినని ఆయన చెప్పెను. నీవు ఇస్లామును గూర్చి ఏల చిత్రింపవని స్వమతస్థులు కొందఱు ఆనాడే ఆయనను అడిగిరి. ఆయన కుంచెను దింపలేదు.

ఆ చిత్రములలో కొన్నిటిని ఎడ్లబండ్ల కెత్తి, హైదరాబాదు చుట్టుప్రక్కల పల్లెలకు తీసికొనిపోయిరి. అక్కడ వానిని పరచి చూపిరి. హుస్సేన్ రాముడు అచ్చువేసిన పటములలోని రామునివలె నీలివన్నెతో, నగుమోముతో నుండడు. రెండుమూడు గీతలు, ఒక రంగు, ఒక విల్లు, అంతే. అయినను పల్లెవారు ఒక్క ప్రశ్నయు వేయలేదని ఆయన జ్ఞాపకము చేసికొనెడివాడు. పట్టణమువారైనచో కన్ను ఎక్కడ, ఇది రాముడని ఎట్లు నమ్మవలెనని అడిగియుందురని గూడ ఆయనయే చెప్పెను.

పల్లెవారు ఏల అడుగలేదు? చదువు లేనందున నోరు విప్పలేదని తలచుట పొరపాటగును. ఈ నేలపై బొమ్మతో కథ చెప్పుట తరతరముల అలవాటు. నేడు సిద్దిపేట జిల్లాలోనున్న చేర్యాలలో నకాశీవారు గుడ్డకు గంజియు, సుద్దయు, చింతగింజల జిగురును పట్టించి, ఎఱ్ఱని నేల మీద పురాణమును మొదటినుండి చివరవరకు అంతస్తులుగా వ్రాయుదురు. పద్మశాలీల మార్కండేయ పురాణమును కూనపులివారును, మాదిగల జాంబవ పురాణమును డక్కలివారును, ముదిరాజుల కథలను కాకిపడగలవారును, ఇట్లు ఒక్కొక్క కులమునకు కథ చెప్పువారు వేర్వేరుగా కలరు. వారు పటమును ఊరి నడుమ వ్రేలాడదీసి, కఱ్ఱతో బొమ్మను చూపుచు, పాటగా కథను చెప్పుదురు. అక్కడ బొమ్మ ఒంటరిగా రాదు. దాని ప్రక్కను గొంతు ఉండును, తాళము ఉండును, తెల్లవారువరకు కూర్చుండు జనము ఉండును. ఏ బొమ్మ ఎవరో తెలియనివారికి కథకుడు చెప్పును. కథకుడు తప్పినచో జనము దిద్దుదురు. హుస్సేన్ బండి చేరిన పల్లెలు ఇట్టి అలవాటు గలవి. చిత్రము క్రొత్తది, త్రోవ పాతది.

మఱియొక విశేషము గమనింపవలెను. నకాశీ యను మాట పారసీక వ్యవహారమునుండి మనకు వచ్చినది. శ్రీకాళహస్తిలో రామాయణమును వస్త్రముపై వ్రాయు విద్యకు కలంకారి యని పేరు. అదియును పారసీకపు మాటయే. కలము పేరు వారిది, కథ మనది, చేయి తెలుగువానిది. మచిలీబందరు అద్దకమువారు ఇరాను దేశపు కొనుగోలుదారుల కోరికను బట్టి దేవదారు చెట్లను, పూలతీగెలను అద్దిరి. కాళహస్తివారు దేవాలయముల కోరికను బట్టి దశావతారములను వ్రాసిరి. మూలవిద్య ఒకటే. ఎవరిదని విడదీయబోయినచో గుడ్డ చిరుగును గాని దారము విడిపోదు.

రాజుల చరిత్రలో గూడ దీనికి పూర్వరంగము కలదు. గోలకొండ సింహాసనమెక్కకమునుపు ఇబ్రహీం కుతుబ్ షా సుమారు ఏడేండ్లు విజయనగరమున రామరాయల ఆశ్రయమున గడపెను. 1550 మొదలు 1580 వరకు రాజ్యమేలిన ఆయనను తెలుగు కవులు మల్కిభరాముడని పిలిచిరి. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకు అంకితమిచ్చెను. ఆయన అధికారియగు అమీనుఖానునకు పొన్నికంటి తెలగనార్యుడు యయాతిచరిత్రమును అంకితము చేసెను. అచ్చతెలుగు కావ్యములలో మొదటిదిగా ఎన్నబడు గ్రంథమునకు కృతిపతి ఒక మహమ్మదీయుడు. రెండు కథలును భారతములోనివి. ఉత్తరమున అక్బరు 16వ శతాబ్ది చివరి భాగమున రామాయణమును పారసీకమునకు అనువదింపించి, తన చిత్రకారులచే బొమ్మలు వేయించెను. ఇక కంచెర్ల గోపన్న కథను ఎఱుగని తెలుగు ఇల్లు లేదు. భద్రాద్రి రాముడు పైకము చెల్లించుటకు వచ్చినప్పుడు, ఆ దర్శనము చెఱలోనున్న భక్తునికి గాక తానాషాకు లభించినదని మన జనశ్రుతి. ఆ కథను కల్పించిన జనులు రాముని ఒక ఇంటివానిగా మాత్రమే తలచియుండలేదు. హుస్సేన్ రామాయణము హైదరాబాదున వ్రాయబడుట యాదృచ్ఛికమే కావచ్చును. అది ఇక్కడ ఇమిడిపోవుట యాదృచ్ఛికము కాదు.

తరువాతి కాలమున హుస్సేన్ కీర్తి దేశదేశములకు ప్రాకినది. 1971లో బ్రెజిల్ దేశపు సావోపాలో ప్రదర్శనమునకు పికాసోతో పాటు ఆయనను ప్రత్యేకముగా ఆహ్వానించిరి. అక్కడకు ఆయన మహాభారత చిత్రములను తీసికొనిపోయెను. 1986లో రాజ్యసభకు నియమితుడయ్యెను. 1991లో పద్మవిభూషణ బిరుదము లభించినది. 1992లో కలకత్తాలో జనుల యెదుట ఆరుగురు దేవీమూర్తులను చిత్రించి, చివరి దినమున వానిపై తెల్లరంగు పూసి తుడిచివేసెను. చూచినవారు నివ్వెఱపడిరి. కాని దసరాకు మట్టితో దుర్గను చేసి, పూజించి, నీట కలుపు వంగదేశమున ఆ పనికి అర్థము స్పష్టమే. చలనచిత్రములు తీయుట గూడ ఆయన మానలేదు. బంజారాహిల్సున సినిమా ఘర్ అను ప్రదర్శనశాలను నెలకొల్పెను.

2004లో విడుదలయిన మీనాక్షీ యను చిత్రమున ఆయన మూడు నగరముల కథను చెప్పెను. వానిలో మొదటిది హైదరాబాదు. తక్కినవి జైసల్మేరు, ప్రాగు. ఈ నగరముననే పుట్టిన టబు అందు నాయిక. కథ సాగని నవలారచయిత యొకడు హైదరాబాదున నుండును. అత్తరులమ్ము యువతి యొకతె వచ్చి, తన్ను గూర్చి వ్రాయుమనును. వ్రాసిన రూపము నచ్చక మఱల మార్పుమనును. ఊరు మారును, వేషము మారును, మనుష్యురాలు మాత్రము ఒకతెయే. నేనెవరిని అను ప్రశ్నకు హుస్సేన్ ఇచ్చిన సమాధానము బహుశః అదియే. మనుష్యునికి ఊరొక్కటి యుండనక్కఱలేదు. ఒక ఊరిలో వ్రాసిన రూపమే కడపటిదియును కాదు.

అయితే ఈ జీవితమున చీకటి భాగము గూడ గలదు. దానిని దాచుట చరిత్ర కాదు. 1970 ప్రాంతములలో ఆయన గీసిన కొన్ని దేవీరేఖాచిత్రములను 1996లో ఒక హిందీ మాసపత్రిక మఱల అచ్చువేసినది. దేవతలను నగ్నముగా చిత్రించెనని అనేకుల మనసులు నొచ్చుకొనినవి. కోర్టులలో వ్యాజ్యములు దాఖలైనవి. 1998లో బొంబాయి యందలి ఆయన ఇంటిపై దాడి జరిగినది. 2004లో మీనాక్షీ చిత్రములోని యొక కవాలీపాటలో ఖురాను పదములు వాడబడినవని ఉలేమా సంఘమువారు అభ్యంతరము తెలిపిరి. విడుదలయిన కొద్ది దినములకే ఆ చిత్రము ప్రదర్శన నిలిచిపోయినది. 2006లో ఒక స్త్రీరూపమును భారతదేశపు పటముగా మలచిన చిత్రముపై మఱల కలవరము చెలరేగగా, ఆయన క్షమాపణ చెప్పి దానిని వేలమునుండి ఉపసంహరించుకొనెను. ఆ సంవత్సరముననే దేశము విడిచెను. 2008 మే 8వ తేదీన ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము ఆయనపై నున్న క్రిమినల్ వ్యాజ్యములను కొట్టివేసినది. అయినను ఆయన తిరిగి రాలేదు. 2010లో కతార్ దేశపు పౌరసత్వమును స్వీకరించి, 2011 జూన్ 9వ తేదీన లండనులో మరణించెను. ఇంగ్లండు దేశముననే ఆయనను ఖననము చేసిరి.

ఒకే చిత్రకారునిపై ఇరుమతములవారికిని కోపము వచ్చుట ఏల? ఒకరి ఆగ్రహమును ఎత్తిచూపి మఱియొకరి ఆగ్రహమును మఱుగుపఱచుట న్యాయము కాదు. నొచ్చుకొనినవారి బాధ కల్పితమనుటయు తగదు. దేవతను తల్లిగా తలచువానికి ఆ గీత గాయముగా తోచవచ్చును. ఆలయ కుడ్యములపై ఎల్లోరా మొదలు ఖజురహో వరకు వస్త్రవిహీనములైన దివ్యమూర్తులెన్నియో కలవనియు, తాను ఆ సంప్రదాయమునే అనుసరించితిననియు చిత్రకారుని పక్షము. న్యాయస్థానము తన మాటను చెప్పినది. చరిత్ర విద్యార్థి గమనింపవలసినది వేఱొకటి యున్నది.

పల్లెలకు పోయిన రామాయణమును, పత్రికలో అచ్చయిన రేఖాచిత్రమును పోల్చి చూడుడు. మొదటి దాని వెంట మనుష్యులు పోయిరి. చూచువారు ఒకచోట కూడి చూచిరి. కథ వారికి ముందే తెలియును. సందేహము కలిగిన అక్కడనే అడుగవచ్చును. రెండవది ఎప్పుడో, ఎవరికో గీసిన గీత. ఇరువది యేండ్ల పిదప తన చోటునుండి ఊడివచ్చి, ఎవరి వెంటను రాక, కోపపు వ్రాతల నడుమ లక్షలాది ఇండ్లలో దిగినది. కథకుడు లేని పటము అనాథయైన బిడ్డ వంటిది. ఎవరు ఏ పేరు పెట్టిన ఆ పేరునకు పలుకును. చేర్యాల పటమును నడివీథిలో వదలి కథకుడు వెడలిపోయినచో, అందులోని దేవుడు కొందఱికి నవ్వుగా నుండును, కొందఱికి నిందగా నుండును. సమ్మిశ్రమైన సంస్కృతికి ఇది మఱింత వర్తించును. ఒకే ఇంటి మాట ఆ ఇంటివారికి వివరణ లేకయే తెలియును. రెండిండ్ల మాటకు మాత్రము ఎల్లప్పుడును ఎవరో ఒకరు నడుమ నిలిచి చెప్పుచుండవలెను. ఆ చెప్పెడివారు లేని కాలమున మొదట మాట పోవును, తరువాత మనుష్యుడును పోవును.

లోహియా వేసిన ప్రశ్న, చిత్రము ఎవరి గోడకు అను ప్రశ్న, ఇంకను తీరలేదు. 1954లో హుస్సేన్ వ్రాసిన గ్రామయాత్ర యను చిత్రము సుమారు పదునాలుగు అడుగుల పొడవు గలది. పదమూడు గడులలో పల్లెజీవితమును చూపును. అందులోను ఎడ్లబండి కలదు. దానిని ఒక నార్వే వైద్యుడు కొని తన దేశమునకు తీసికొనిపోగా, అది దశాబ్దములపాటు ఆసుపత్రి గోడపై నుండినది. 2025 మార్చి నెలలో న్యూయార్కు వేలమున దాని ధర కోటి ముప్పదియేడు లక్షల డాలర్లను మించినది. ఆధునిక భారతీయ చిత్రములలో అంతవరకు ఏ పటమునకును అంత వెల పలుకలేదు. చిత్రకారుని గౌరవమునకు సంతోషింపవలసినదే. కాని పల్లెను చూపిన పటము, తిరిగి పల్లె చేరుటకు వీలులేనంత విలువైనదైపోయినది. బండిపై పోయిన రామాయణమునకు ఆనాడు టిక్కెట్టు లేదు. చూచినవారు దానిని కొనలేదు, దానిపై వ్యాజ్యమును వేయలేదు. చూచి, తమ పనికి తాము వెడలిపోయిరి. ఒక చిత్రకారునికి అంతకన్న పెద్ద సన్మానము ఏమి కలదు?

మన పెద్దలు కలసి జీవించుటను గ్రంథములలో వ్రాసి పెట్టలేదు. పేటకు పేరు పెట్టిరి. పద్యమును అంకితమిచ్చిరి. గుడ్డపై రంగు అద్దిరి. తరువాత ఆ పనులు చేయువారు తగ్గిరి. పేరు మాత్రము మిగిలి, దాని వెనుకటి కథ మఱుగైనది. మూసారాంబాగు అను పేరు బస్సుబోర్డుపై చదువువారు వేలకొలది కలరు. మూసా యెవరని పిల్లవాడు అడిగినచో చెప్పగలవారు ఎందఱు? అట్లే మన ఇండ్ల గోడలపై రవివర్మ పటము కలదు, పెండ్లినాటి కలంకారి దుప్పటి కలదు, మొహరమునాడు కట్టిన దట్టీ జ్ఞాపకము కలదు. వీనిలో ప్రతిదానియందును ఇద్దఱు ముగ్గురు పూర్వుల చేతులు కలిసియున్నవి. అడిగిననాడు చెప్పువారుండిననే అవి మనవి. లేనిచో అవి వట్టి వస్తువులు.

రేడియోలో బొమ్మ లేదు, గొంతు మాత్రమే కలదు. నేటి లోకమున బొమ్మలకు లోటు లేదు. వాని ప్రక్కను నిలిచి నెమ్మదిగా కథ చెప్పు గొంతునకే లోటు. హుస్సేన్ బొమ్మలు మీకు నచ్చవచ్చును, నచ్చకపోవచ్చును. అది మీ యిష్టము. కాని ఏ చిత్రమునైనను చూచి మెచ్చుకొనుటకు గాని, కినియుటకు గాని ముందు, దీని వెంట వచ్చిన కథకుడు ఎవడని ఒక్కమాఱు అడుగుట మంచిది. మోతీభవనమునుండి బయలుదేరిన ఆ ఎడ్లబండి మనకు నేర్పిన పాఠము అదియే.